సముద్రం దాటిన సిపాయి: జాడ ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

యుద్ధానికి వెళ్లి తిరిగిరాని ముత్తాత గురించి చాలా ఇళ్లలో మిగిలేది ఒక్క ముక్క: "బస్రా వెళ్లాడు, మళ్లీ రాలేదు." కొన్ని ఇళ్లలో దానికి తోడుగా ట్రంకుపెట్టె అడుగున ఒక కంచు బిళ్ల ఉంటుంది. అడ్డంగా 12 సెంటీమీటర్లు, అరచెయ్యంత. దాని మీద త్రిశూలం పట్టుకుని నిలబడ్డ స్త్రీ, ఆమె ముందు సింహం, అంచు చుట్టూ ఇంగ్లిషు అక్షరాలు, ఒక చిన్న గడిలో ఉబ్బెత్తుగా పోతపోసిన పేరు కనిపిస్తాయి. ర్యాంకు ఉండదు, పటాలం ఉండదు. చనిపోయినవాళ్లందరూ సమానమేనన్న ఉద్దేశంతో వాటిని కావాలనే వదిలేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల కుటుంబాలకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన బిళ్ల ఇది. ఇంట్లో ఇది ఉంటే రెండు సంగతులు రుజువైనట్టే. ఆ మనిషి సైన్యం లెక్కలో మృతుడు. ఆ గడిలో ఉన్న స్పెల్లింగే సైన్యం అతని పేరుకు వాడిన స్పెల్లింగు. రెండోది మొదటిదాని కంటే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పతకం ఉంటే ఇంకా మంచిది. నాణెం ఆకారపు పతకాన్ని బొమ్మ వైపు చూడకూడదు, అంచు చూడాలి. భూతద్దం పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని, అంచును నెమ్మదిగా తిప్పితే నంబరు, ర్యాంకు, పేరు, పటాలం వరుసగా కనిపిస్తాయి. నక్షత్రం ఆకారపు 1914-15 స్టార్‌కు మాత్రం ఈ వివరాలు వెనకవైపు కొట్టి ఉంటాయి. చింతపండుతోనో బ్రాసోతోనో తోమి మెరిపించాలని చూస్తే అంచు మీది అక్షరాలే ముందు అరిగిపోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి ఫొటో తీస్తే చాలు. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాకుండా కంచుదైతే, అతను తుపాకి పట్టిన సిపాయి కాకపోవచ్చు. కూలి దళాల్లాంటి వాటిలో పనిచేసినవాళ్లకు కంచు పతకం ఇచ్చారు. ఈ ఒక్క తేడా గమనించక కుటుంబాలు ఏళ్ల తరబడి పదాతి దళాల జాబితాలు గాలిస్తూ ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధపు పతకాల్లో ఇంకో వెసులుబాటు ఉంది. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన వాటి మీద పేర్లు లేవు, భారత సైన్యానికి ఇచ్చిన వాటి మీద పేరు, నంబరు కొట్టారు. స్టార్ పేరే అతను వెళ్లిన చోటు చెబుతుంది: ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, బర్మా స్టార్, మలయా వైపు వెళ్లినవాళ్లకు పసిఫిక్ స్టార్. ఏ స్టారూ లేకుండా ఇండియా సర్వీస్ మెడల్ ఒక్కటే ఉంటే, ఆ మనిషి సేవ దేశం లోపలే గడిచిందని దాదాపు తేల్చుకోవచ్చు.

పతకమూ బిళ్లా లేకపోతే అందరూ పేరుతో మొదలుపెడతారు. తెలుగు సిపాయి విషయంలో పేరు చాలా బలహీనమైన ఆధారం. పాత సైనిక జాబితాల్లో ఇంటిపేరు చాలావరకు కనపడదు. అప్పలస్వామి అంటే అప్పలస్వామే, తండ్రి పేరు పక్కన రాస్తారు. ఆ ఒక్క పేరునైనా గుమాస్తా తన చెవికి పట్టినట్టు రాశాడు. అప్పలసామి, అప్పలస్వామి, అప్పల సామి అని రెండు ముక్కలుగా కూడా రాసేవారు. నరసింహులు నర్సింలు అవుతాడు, చివరి అక్షరానికి ఒకచోట యూ, మరోచోట రెండు ఓలు. ఉత్తరాంధ్ర మనిషి తన పేరు యెంకన్న అని పలికితే మొదటి అక్షరం వీ బదులు వై పడుతుంది. రాములు, రామలు, రాముడు మూడూ ఒకే మనిషి కావచ్చు. పైగా డేటాబేసుల్లో ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి నింపాలి కాబట్టి, ఉన్న ఒక్క పేరునే అక్కడ పెట్టారు. మన ఇంటిపేరుతో వెతికితే ఏమీ దొరక్కపోవడానికి ప్రధాన కారణం ఇదే. పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి, మిగతా పని పటాలం, సంవత్సరం, ఊరు చేత చేయించుకోవడం మేలు.

ఊరి పేరుకూ ఇదే తంటా. శ్రీకాకుళం చికాకోల్, కాకినాడ కొకనాడ, ఏలూరు ఎల్లోర్, విజయవాడ బెజవాడ, మచిలీపట్నం మసూలిపటం, విశాఖపట్నం వైజాగపటం. అక్షరాలు మారడంతో పాటు జిల్లాలే వేరు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా లేదు, అది 1925లో ఏర్పడింది. అంతకుముందు ఏలూరు, తణుకు, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం ప్రాంతం చాలావరకు గంజాం జిల్లాలో ఉంది. ప్రకాశం జిల్లా 1970లో, విజయనగరం జిల్లా 1979లో పుట్టాయి. "ఫలానావాడి కొడుకు, తణుకు, కృష్ణా" అన్న ఎంట్రీ కనిపిస్తే మనవాడు కాడని దాటిపోకూడదు. వెతకడానికి ముందే ఊరు, తాలూకా, జిల్లాలకు అప్పటి పేర్లు, వాటి పాత ఇంగ్లిషు స్పెల్లింగులు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. తెలుగువాళ్లను పాత మద్రాసు సైన్యపు కాగితాల్లో జెంటూలు అని, తెలింగాలు అని రాసేవారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

అసలు తాళంచెవి పటాలం. మద్రాసు పటాలాల నంబర్లు రెండుసార్లు తలకిందులయ్యాయి. 1903 పునర్వ్యవస్థీకరణలో మద్రాసు పదాతి పటాలాల పాత నంబర్లకు 60 కలిపారు. 1వ మద్రాసు పయనీర్లు (దారులు వేసే, కందకాలు తవ్వే సైనికులు) 61వ పయనీర్లయ్యారు, 13వది 73వ కర్ణాటిక్ పదాతి దళమైంది, 20వది 80వ కర్ణాటిక్ అయింది. కాబట్టి ఒక తాత 1901లో చేరితే అతని నంబరు ఒకటి, 1914 కాగితాల్లో మరొకటి, మనిషి మాత్రం కదల్లేదు. ఇక్కడ కర్ణాటిక్ అన్న మాటకు ఇప్పటి కర్ణాటక రాష్ట్రంతో సంబంధం లేదు, మద్రాసు ప్రెసిడెన్సీ అని చదువుకోవాలి. 1922లో మళ్లీ కలిపేశారు: 73, 75, 79, 83, 86 నంబర్ల పటాలాలు 3వ మద్రాసు రెజిమెంటుకు బెటాలియన్లుగా మారాయి. 61, 64, 81 పయనీర్ పటాలాలు 1వ మద్రాసు పయనీర్లలో చేరాయి. ఆ మద్రాసు రెజిమెంటును 1928లో, పయనీర్లను 1933లో రద్దు చేశారు. ఎడతెగకుండా నడిచింది మద్రాసు శాపర్లు, అంటే ఇంజనీరు సైనికుల దళం, ఒక్కటే. ఇప్పుడు బెంగళూరులో ఉన్న మద్రాసు ఇంజనీర్ గ్రూపు వాళ్ల వారసురాలు. నీలగిరి జిల్లా వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటల్ సెంటర్ రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగి లేచిన రెజిమెంటుది.

ఈ రద్దుల దెబ్బ నేరుగా కాగితాల మీద పడింది. ఒక పటాలం చనిపోతే దాని రోల్ పుస్తకాలకు, అంటే సైనికుల పేర్ల జాబితాలకు, వారసులు ఉండరు.

ఇంకో సంగతి కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. 1914 నాటికి సైన్యం రిక్రూట్‌మెంటు "యుద్ధజాతులు" (కొన్ని జాతులే పోరుకు తగినవి) అన్న సిద్ధాంతంతో పంజాబు, వాయవ్యం వైపు మళ్లింది. తెలుగు జిల్లాల నుంచి పదాతి దళాల్లోకి తీసుకునే వాళ్ల సంఖ్య అంతకు ముందు శతాబ్దంతో పోలిస్తే బాగా పడిపోయింది. అందుకే మొదటి యుద్ధానికి వెళ్లిన తెలుగు మనిషిని శాపర్లలో, పయనీర్లలో, లేదా ఫాలోయర్లు అనే వర్గంలో వెతకాలి. క్షతగాత్రులను మోసే బేరర్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, రేవుల్లో బరువులెత్తిన కూలీలు అందరూ ఫాలోయర్లే. ఇంట్లో "మిలటరీలో చేశాడు" అని చెప్పుకునే తాత సైన్యం లెక్కలో సిపాయి కాకపోవచ్చు. అతని గౌరవానికి అది లోటేమీ కాదు, వెతికే జాబితా మాత్రం మారుతుంది.

నిజాం రాజ్యం మనుషులైతే దారి వేరు. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు (గుర్రపు దళం) నిజాం సొంత సైన్యంలోని వాళ్లు. ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. వాళ్ల కాగితాలు నిజాం ప్రభుత్వానివి, చాలావరకు ఉర్దూ, ఫారసీల్లో ఉంటాయి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొదలుపెట్టాలి. దీనికి భిన్నంగా 20వ దక్కన్ హార్స్, 94 నుంచి 99 దాకా నంబర్లున్న పదాతి పటాలాలు పాత హైదరాబాద్ కంటింజెంటు నుంచి వచ్చినా బ్రిటిష్ భారత సైన్యంలో భాగమే. పేరులో దక్కన్ ఉందని వాటిని నిజాం కాగితాల్లో వెతకడం దండగ.

ఇక సేవా వివరాలు. ఇంటర్నెట్‌లో దొరికే మార్గదర్శకాల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ సైనికుల కోసం రాసినవి. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని సర్వీసు ఫైళ్లు, 1940 బాంబు దాడిలో కాలిపోగా మిగిలిన "కాలిన కాగితాలు" అన్నీ బ్రిటిష్ సైన్యానివి. భారత సిపాయి అందులో ఉండడు. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో వ్యక్తిగత ఫైళ్లు ప్రధానంగా ఆఫీసర్లవి, యూరోపియన్ సైనికులవి. డబ్బు కట్టి అక్కడ మనిషిని పెట్టి వెతికించే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. పంజాబుకు మాత్రం ఒక అదృష్టం దక్కింది. ఊరూరా ఎవరు యుద్ధానికి వెళ్లారో రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో భద్రంగా ఉండిపోయాయి. సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలున్న వాటిని 2021 నుంచి డిజిటల్ రూపంలోకి తెస్తున్నారు. తెలుగు జిల్లాలకు అలా ఒక్క చోట చేర్చి పెట్టిన పుస్తకం దొరకదు, ముక్కలు ఏరుకుని అతికించాలి.

రెండో ప్రపంచ యుద్ధపు మనిషికైతే రికార్డ్స్ ఆఫీసులను అడగవచ్చు. శాపర్లకు బెంగళూరు, మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఆర్డినెన్సుకూ (ఆయుధాలు, సామగ్రి సరఫరా దళం) ఈఎంఈకీ (యంత్రాలు మరమ్మతు చేసే ఇంజనీర్ల దళం) సికింద్రాబాదు, ఆర్టిలరీకి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్పూర్, మెడికల్ కోర్‌కు లక్నో. నంబరు లేకుండా రాసే ఉత్తరానికి అక్కడ జవాబు రావడం కష్టం, ఎందుకంటే ఫైళ్లు నంబరు వరుసలో ఉంటాయి. ఇక్కడ ఎదురయ్యే పెద్ద అడ్డంకి గడువు. పింఛను అర్హత లేకుండా బయటికొచ్చిన వాళ్ల కాగితాలను 25 ఏళ్లు దాచి తర్వాత ధ్వంసం చేయాలన్నది సైన్యం నిబంధన. యుద్ధం కోసం చేరి 1946లో ఇంటికి పంపేసిన లక్షలాది మంది ఈ వర్గమే. "రికార్డు లేదు" అన్న జవాబుకు "అతను సేవ చేయలేదు" అని అర్థం కాదు. కుటుంబ పింఛను వచ్చి ఉంటే దాని జాడ ఇంకోచోట దొరకవచ్చు: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, ట్రెజరీ పింఛను పుస్తకం, తాలూకా రెవెన్యూ ఫైలు. మాజీ సైనికుడికో అతని వితంతువుకో ఇచ్చిన భూమి ఉంటే ఆ అసైన్‌మెంటు కాగితంలో ర్యాంకు, పటాలం రాసి ఉండే అవకాశం ఎక్కువ.

మనిషి ఫైలు లేనప్పుడు పటాలం వార్ డైరీ ఆదుకుంటుంది. యుద్ధరంగంలో ఉన్న ప్రతి యూనిటు రోజువారీగా రాసిన పుస్తకం ఇది. మొదటి యుద్ధానివి లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 అనే శ్రేణిలో ఉన్నాయి. రెండో యుద్ధానికి మధ్యప్రాచ్యం 169, ఇటలీ 170, ఆగ్నేయాసియా 172. ఢిల్లీలో రక్షణశాఖ చరిత్ర విభాగం, నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా కూడా చూడదగ్గవే. డైరీలో సిపాయి పేరు కనపడుతుందని ఆశ పెట్టుకోకూడదు. ఆఫీసర్లకు పేరు రాస్తారు, మిగతావాళ్లకు "ఐఓఆర్ 3" అని సంఖ్య వేస్తారు. భారతీయ ఇతర ర్యాంకులు ముగ్గురు అని దాని అర్థం. ఫాలోయర్లను వేరే గడిలో లెక్కపెడతారు. అయినా ఈ డైరీ విలువ చాలా పెద్దది. చనిపోయిన తేదీ తెలిస్తే ఆ రోజు పేజీ తెరిచి చూడాలి. ఆ రోజు దాడి జరిగి, ముగ్గురు పడిపోయారని ఉంటే, ఆ ముగ్గురిలో ఒకరు మన మనిషి కావచ్చు. ఆ రోజు "విశేషం లేదు" అని ఉంటే అతను అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడని ఊహించాలి. మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) తూటాల కంటే కలరా, ఎండదెబ్బ, జ్వరాలు ఎక్కువ మందిని తీసుకెళ్లాయి. 1917 నాటికి అక్కడి అమారా ఊళ్లో ఏడు జనరల్ ఆసుపత్రులు ఉండేవి. కాబట్టి మరణ స్థలం అమారా అని ఉంటే ముందుగా ఆసుపత్రి గురించే ఆలోచించాలి.

ఇప్పుడు మరణం, ఖననం. 1914కు ముందు మామూలు సిపాయి సమాధిని కాపాడాలన్న బాధ్యత ఎవరి మీదా లేదు. యుద్ధభూమి పక్కనే పూడ్చడమో కాల్చడమో జరిగిపోయేది. 1803 అసాయే యుద్ధంలో పడిన మద్రాసు సిపాయి సమాధి కోసం వెతకడంలో అర్థం లేదు. అప్పటివాళ్లకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న ఫోర్ట్ సెయింట్ జార్జ్ సైనిక శాఖ కాగితాలే దిక్కు. మొదటి ప్రపంచ యుద్ధంతో ఇది మారింది. 1917 మే 21న రాజశాసనంతో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. 1960లో దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా మారింది. మృతుడి పేరు రాతి మీదో స్మారకం మీదో శాశ్వతంగా ఉండాలి, ర్యాంకు, జాతి, మతం తేడా చూపకూడదు అన్నవి దాని మూలసూత్రాలు. దాని పరిధిలోకి వచ్చే తేదీలు రెండు: 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. ఈ మధ్య సర్వీసులో ఉండగా ఏ కారణంతో చనిపోయినా లెక్కే, లారీ ప్రమాదమైనా, మలేరియా అయినా. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక చనిపోతే మాత్రం సర్వీసులో వచ్చిన గాయమో జబ్బో కారణమని చూపాలి.

కమిషన్ డేటాబేసు ఉచితం. వెతికే పద్ధతి ఇలా ఉంటే ఫలితం వస్తుంది. పేరు గడి ఖాళీగా వదిలి, సైన్యం అన్న చోట ఇండియన్ అని, యుద్ధం ఏదో ఎంచుకుని, పటాలం పేరు మాత్రం ఇవ్వాలి. వచ్చిన జాబితా మొత్తం స్ప్రెడ్‌షీటుగా దించుకోవాలి. అప్పుడు "అదనపు సమాచారం" అన్న నిలువు వరుసలో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి, ఆ వరుసను పాత జిల్లా పేరుతో వడగట్టాలి. చికాకోల్ అని ఒకసారి, గంజాం అని ఒకసారి, వైజాగపటం అని ఒకసారి. యాభై అరవై పేర్లు మిగిలితే వాటిని పైకి చదవాలి. కంటికి తెలియని పేరు చెవికి తడుతుంది. గుమాస్తా చెవితో విని రాసిన దాన్ని మనం చెవితోనే వెనక్కి తిప్పగలం.

ఎంట్రీ దొరికాక తొందరపడకూడదు. మొదటి యుద్ధంలో సర్వీసు నంబర్లు పటాలానికి విడివిడిగా ఇచ్చేవారు, కాబట్టి 1245 అన్న నంబరు పాతిక పటాలాల్లో పాతిక మందికి ఉంటుంది. నంబరు, పటాలం రెండూ కలిస్తేనే మనిషి. తండ్రి పేరు కూడా కలవాలి. ఆ పేజీలో కిందే జతచేసిన పాత పత్రాల స్కాన్లను చాలామంది తెరవకుండా వదిలేస్తారు. సమాధి ఉన్న మనిషికైతే సమాధి నమోదు ఫారం, రాతి మీద ఏం చెక్కాలో రాసిన షెడ్యూలు ఉంటాయి. అన్నిటికంటే విలువైనది తరలింపు ఫారం. యుద్ధం తర్వాత చెదురుమదురుగా ఉన్న సమాధులను తవ్వి పెద్ద శ్మశానాలకు చేర్చారు. మొదట ఎక్కడ పూడ్చారో మ్యాపు గుర్తుతో సహా, దేన్ని బట్టి మనిషిని గుర్తుపట్టారో కూడా ఆ ఫారంలో రాశారు. ఇప్పుడు సమాధి ఉన్న చోటుకూ అతను పడిపోయిన చోటుకూ మధ్య ఎంత దూరం ఉందో చెప్పే కాగితం అదొక్కటే.

హిందూ సిపాయికి సమాధి వెతికేవాళ్లు ఒక ప్రాథమిక విషయం దగ్గర ఆగి ఆలోచించాలి: వీలైనప్పుడల్లా దహనం చేశారు. దహనమైన వాడికి సమాధి ఉండదు, పేరు చెక్కిన గోడ ఉంటుంది. ఇంగ్లండులో బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను ఊరి బయట కొండల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో ఛత్రి కట్టారు. ఆ 53 మంది పేర్లతో గోడ లేచింది మాత్రం 2010లో. అదే ఆసుపత్రుల్లో చనిపోయిన ముస్లిం సిపాయిలను వోకింగ్‌లో ఖననం చేశారు. వాళ్ల సమాధులను 1968లో బ్రూక్‌వుడ్‌కు మార్చారు. ఫ్రాన్స్‌లో సమాధి దొరకని భారత సైనికుల పేర్లు నవ్ షపెల్ స్మారకం మీద ఉన్నాయి, 1927లో ఆవిష్కరించినప్పుడు 4,700కు పైగా. కోహిమాలో దహన స్మారకం మీద 917 మంది పేర్లున్నాయి. ఇంఫాల్‌లో, ఇటలీలో సాంగ్రో నది దగ్గర, ఎరిత్రియాలో కెరెన్ దగ్గర, ఈజిప్టులో అల్ అలమైన్ దగ్గర కూడా దహన స్మారకాలు ఉన్నాయి. మలయాలో పోయినవాళ్లకు సింగపూర్‌లో క్రాంజి, బర్మాలో పోయినవాళ్లకు రంగూన్ దగ్గర టౌక్యాన్. ఢిల్లీ ఇండియా గేటు రాళ్ల మీద చెక్కిన 13 వేలకు పైగా పేర్లు కూడా ఈ కోవలోవే.

ఇంతవరకు సూత్రం ప్రకారం నడిచింది. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ దాటి తూర్పుకూ దక్షిణానికీ వెళితే సూత్రం తప్పింది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద 40 వేలకు పైగా మృతులను స్మరిస్తారు. అక్కడ ఆఫీసర్ల పేర్లు రాతి మీద ఉన్నాయి. భారతీయ సిపాయిలకు పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె చెక్కారు. వాళ్ల పేర్లు పుస్తకానికి పరిమితమయ్యాయి. ఆ పుస్తకాల్లోని పేర్లే ఇప్పుడు డేటాబేసులో కనిపిస్తున్నాయి. అంటే బస్రాకు వెళ్లి గోడ ముందు నిలబడినా తాత పేరు చదవలేం, ఇంట్లో ఫోనులో మాత్రం చదవగలం. అమారాలో నది ఎడమ గట్టున ఉన్న భారతీయ శ్మశానంలో దాదాపు 5,000 మంది ఉన్నారని అంచనా, పేర్లు తెలిసినవి కేవలం 9. ఖననం చేసినప్పుడు సైనికాధికారులు పూర్తి జాబితా రాయలేదు. తూర్పు ఆఫ్రికాలో ఫాలోయర్లు, మోతగాళ్ల విషయంలో ఇంకా ఘోరం, పేర్లు సేకరించాలన్న ఆలోచనే చేయలేదు. కమిషన్ నియమించిన సంఘమే 2021లో ఈ లెక్క బయటపెట్టింది: 45 వేల నుంచి 54 వేల మంది మృతులను అసమానంగా స్మరించారు, వాళ్లలో భారతీయులు, ఆఫ్రికన్లే అధికం. ఇంకా కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం లేదు, అసలు స్మారకమే లేకపోయీ ఉండవచ్చు, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చు. కమిషన్ క్షమాపణ చెప్పింది. పేరు దొరకని కుటుంబం తామే సరిగా వెతకలేదని బాధపడుతుంటే, ఈ అంకెలు వాళ్లకు చూపించాలి. చాలా సందర్భాల్లో తప్పు వెతికేవాళ్లది కాదు, అప్పట్లో రాయని వాళ్లది.

దొరికిన చిరునామా కూడా కదలవచ్చు. సూయజ్ దగ్గర పోర్ట్ ట్యూఫిక్‌లో కట్టిన భారతీయ స్మారకం ఈజిప్టు, ఇజ్రాయెల్ యుద్ధాల్లో దెబ్బతిని పోయింది. దానికి బదులు కైరోలోని హీలియోపొలిస్ శ్మశానంలో 1980లో కొత్తది వెలిసింది. బస్రా స్మారకాన్ని 1997లో రేవు దగ్గరి నుంచి ఎత్తి, నసీరియా దారిలో ఎడారిలో తిరిగి నిలబెట్టారు. అమారా శ్మశానంలో నేలలోని ఉప్పు రాళ్లను తినేస్తుంటే 1933లో సమాధి రాళ్లన్నీ తీసి, పేర్లు గోడకు ఎక్కించారు. చెన్నై నందంబాక్కంలోని వార్ సెమెటరీ 1952లో ఏర్పడింది. దక్షిణాదిలో నిర్వహణ సాధ్యం కాని చోట్ల ఉన్న సమాధులను అక్కడికి చేర్చారు. మొదటి యుద్ధకాలంలో దేశంలోని కంటోన్మెంటు శ్మశానాల్లో పడి ఉన్న వెయ్యి మందికి పైగా పేర్లతో అక్కడొక స్మారకమూ ఉంది. ప్రయాణానికి టికెట్టు కొనే ముందు పాత ఉత్తరంలోని పేరును నమ్ముకోకుండా ఇప్పటి స్థలం, ప్యానెల్ నంబరు సరిచూసుకోవాలి. ప్యానెల్ నంబరు లేకుండా టౌక్యాన్ లాంటి చోట 27 వేల పేర్ల మధ్య ఒక్క పేరు పట్టుకోవడానికి ఒక రోజు చాలదు.

డేటాబేసులో అస్సలు లేకపోతే ఏం చేయాలి? ఊళ్లోనే మొదలుపెట్టాలి. యుద్ధం అయ్యాక చాలా ఊళ్లలో చిన్న రాతిపలకలు పెట్టారు: ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. తాలూకా కచేరీ గోడలోనో, పాత బడిలోనో, చావిడి దగ్గరో సున్నం పూతల కింద ఉంటాయి. వాటి మీద పేర్లుండవు, అంకె ఉంటుంది. అయినా "మృతులు 2" అన్న అంకె ఒక అధికారిక సాక్ష్యం. తర్వాత వితంతు పింఛను కాగితం, ఉత్తరం, మనియార్డరు రసీదు, ఫొటోలో టోపీ మీది బ్యాడ్జీ, భుజం మీది ఇత్తడి అక్షరాలు. ఇవన్నీ కలిపి కమిషన్‌కు పంపవచ్చు. వాళ్లు అడిగేవి మూడు: సైన్యంలో ఉన్నాడనడానికి రుజువు, చనిపోయిన తేదీ వాళ్ల పరిధిలో ఉందనడానికి రుజువు, డిశ్చార్జి తర్వాత పోయి ఉంటే సర్వీసే కారణమనడానికి రుజువు. కుటుంబంలో చెప్పుకునే కథ ఒక్కటే సరిపోదు, కానీ కథతో పాటు అప్పటి కాగితం ఒక్కటున్నా విచారణకు దారి దొరుకుతుంది. ఇప్పటికే ఉన్న ఎంట్రీలో ఊరి పేరో తండ్రి పేరో తప్పుపడితే దానికీ ఇదే దారి.

పంపేటప్పుడు అసలు కాగితాలు పంపకూడదు. పతకం అంచును నాలుగు ముక్కలుగా, పేరు తెగకుండా ఫొటో తీయాలి. తెలుగులో ఉన్న పింఛను కాగితానికి ఇంగ్లిషు అనువాదం జతచేసి, పేరును మాత్రం మూడు రకాల స్పెల్లింగుల్లో ఇవ్వాలి: ఇంట్లో రాసుకునేది, కంచు బిళ్ల మీదిది, గుమాస్తా వినివుంటాడని మనం అనుకునేది. ఊరికి అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయాలి.